కొండాపూర్ స్టూడియోలో యోగా, పిలాటిస్ కలిపి ఎనిమిది రకాల క్లాసులు. ఫ్రీ ట్రయల్ ఒక్కటే. దేనికి వెళ్ళాలి?

వేపచెట్టు_వీధి • సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. కొండాపూర్‌లో మా అపార్ట్‌మెంట్ పక్క సందులోనే కొత్తగా ఒక ఫిట్‌నెస్ స్టూడియో తెరిచారు. టైమ్‌టేబుల్ బోర్డు చూస్తే కళ్ళు తిరిగాయి. హఠ, విన్యాస ఫ్లో, అష్టాంగ, పవర్ యోగా, యిన్, హాట్ యోగా, మ్యాట్ పిలాటిస్, రిఫార్మర్ పిలాటిస్. ఏది ఎవరికి అని రిసెప్షన్‌లో అడిగితే "అన్నీ మంచివే మేడమ్" అంది ఆ అమ్మాయి.

నా సంగతి చెప్తాను. 38 ఏళ్ళు, ఐటీ ఉద్యోగం, రోజంతా కుర్చీలోనే. నడుము కింది భాగంలో నొప్పి. సాయంత్రానికి మెడ కూడా పట్టేస్తుంది. స్కూల్లో డ్రిల్లు పీరియడ్‌లో చేసిన నాలుగు ఆసనాలు తప్ప ఏమీ రాదు. నెలకి రూ. 3,500 కడితే రిఫార్మర్ తప్ప మిగతా ఏ క్లాసుకైనా, ఎన్నిసార్లయినా వెళ్ళొచ్చు. రిఫార్మర్ మాత్రం విడిగా 8 క్లాసులకి రూ. 9,600. ఫ్రీ ట్రయల్ ఒక్కటే ఇస్తారట. "యూట్యూబ్‌లో ఊరికే దొరికేదానికి డబ్బులు పోయడం ఎందుకు" అంటారు మా ఆయన. అనుభవం ఉన్నవాళ్ళు కాస్త చెప్పండి.

ఉప్మా_వ్యతిరేకి • సోమవారం, రాత్రి 9:52

ఆ అమ్మాయి అబద్ధం చెప్పలేదండీ. అన్నీ మంచివే, వాళ్ళకి.

గోదారిగట్టు • సోమవారం, రాత్రి 10:30

అమ్మా, పేర్లు చూసి కంగారు పడకండి. మీరు రాసినవాటిలో సగం ఒకే ఇంటి పిల్లలు. 1930ల్లో మైసూరు మహారాజు ఆదరణతో జగన్మోహన్ ప్యాలెస్‌లో తిరుమలై కృష్ణమాచార్య గారు యోగశాల నడిపారు. ఆయన దగ్గర నేర్చుకున్న పట్టాభి జోయిస్ గారు మైసూరులోనే ఉండిపోయి అష్టాంగ విన్యాస పద్ధతి నేర్పారు. ఆచార్యుల వారి బావమరిది బి.కె.ఎస్. అయ్యంగార్ గారు పుణే వెళ్ళి తన పద్ధతి తాను పెంచుకున్నారు. ఇంద్రాదేవి అనే ఆవిడ, పుట్టింది అప్పటి రష్యా సామ్రాజ్యంలో, కృష్ణమాచార్య గారి దగ్గరే నేర్చుకుని 1947లో హాలీవుడ్‌లో స్టూడియో పెట్టింది. మీ బోర్డు మీద ఉన్న విన్యాస ఫ్లో, పవర్ యోగా రెండూ జోయిస్ గారి అష్టాంగ నుంచి కొమ్మలు వేసినవే.

నాది వీటిలో ఏదీ కాదు. ముంగేరులోని బీహార్ స్కూల్ వాళ్ళ పద్ధతి. పవనముక్తాసన వరుస అని ఉంటుంది. కాలి వేళ్ళతో మొదలుపెట్టి చీలమండ, మోకాలు, తుంటి, మణికట్టు, మోచెయ్యి, భుజం, మెడ, ఒక్కో కీలూ నెమ్మదిగా కదుపుతూ పైకి వస్తాం. చూసేవాళ్ళకి ఇదేం వ్యాయామం అనిపిస్తుంది. రిటైరైన మాబోటి వాళ్ళకి మెట్లెక్కే ఓపిక ఇచ్చింది అదే. మీలాంటి కుర్చీ ఉద్యోగాల వాళ్ళకీ పనికొస్తుంది. స్టూడియోల వాళ్ళు నేర్పరు, ఎందుకంటే చూడటానికి గొప్పగా ఉండదు.

ఇక పిలాటిస్ అంటారా, మన ఆసనాలకే జర్మన్ పేరు పెట్టి స్ప్రింగులు బిగించారు. దానికి పూటకి పన్నెండు వందలు.

పుణేలో_తెలుగోడు • సోమవారం, రాత్రి 11:15

మాస్టారు చెప్పినదానికి ఒక ముక్క కలుపుతాను. ఆ బోర్డు మీద అయ్యంగార్ యోగా లేకపోవడం మీకు నష్టమే. నడుము, మెడ నొప్పులున్నవాళ్ళు మొదలుపెట్టడానికి నాకు తెలిసినంతలో అంత జాగ్రత్తగా నేర్పే పద్ధతి ఇంకోటి లేదు. 1975లో అయ్యంగార్ గారు పుణేలో సంస్థ పెట్టారు. అక్కడ శిక్షణ పొందిన టీచర్ దగ్గరే నేను నేర్చుకుంటున్నాను.

క్లాసు ఎలా ఉంటుందంటే, త్రికోణాసనం తీసుకోండి. చెయ్యి నేలకి ఆనించమని అనరు. మడమ గోడకి తగిలించి నిలబెడతారు. చేతి కింద చెక్క దిమ్మ పెడతారు. "మోకాలి చిప్ప పైకి లాగు, తొడ బయటికి తిప్పు, ఆ పక్క డొక్క కుంచించకు" అంటూ ఒక్క ఆసనం మీదే పది నిమిషాలు గడుపుతారు. కుర్చీ, బెల్టు, దుప్పట్లు, గోడకి కట్టిన తాళ్ళు, అన్నీ వాడతారు. పాటలుండవు, టీచర్ గొంతే వినిపిస్తుంది. కొంతమందికి బోరు కొడుతుంది, ఆ మాట ముందే చెప్తున్నాను.

మీ స్టూడియోలో దీనికి కాస్త దగ్గరగా ఉండేది హఠ. బోర్డు మీద హఠ అని ఉంటే సాధారణంగా నెమ్మదిగా, ఒక్కో ఆసనంలో కొన్ని శ్వాసలు నిలబడే క్లాసు అనుకోవచ్చు. అయితే దిమ్మలు, బెల్టులు వాడే టీచరేనా అని అడగండి. ట్రయల్ వాడక్కర్లేదు, పది నిమిషాలు వెనక కూర్చుని చూస్తానంటే చాలా చోట్ల ఒప్పుకుంటారు.

చెమట_చక్రవర్తి • మంగళవారం, ఉదయం 6:05

అష్టాంగ బ్యాచ్ తరఫున నేను. ఆసనాలు ఎప్పుడూ ఒకే వరుసలో వస్తాయి, ఆ వరుసని సిరీస్ అంటాం. క్లాసుల్లో రెండు రకాలున్నాయి. ఒకటి లెడ్ క్లాసు, టీచర్ లెక్కపెడుతుంటే అందరూ ఒకేసారి చేస్తారు. రెండోది మైసూర్ స్టైల్. హాల్లో ఇరవై మంది ఉన్నా ఎవరి వరుస వాళ్ళు చేసుకుంటారు, టీచర్ తిరుగుతూ సరిచేస్తారు. ఒక ఆసనం కుదిరాకే తరవాతది ఇస్తారు. అమావాస్యకీ పౌర్ణమికీ సెలవు, వారంలో ఒక రోజు విశ్రాంతి. కొత్తవాళ్ళకి నిజానికి ఈ మైసూర్ స్టైలే నయం. కానీ స్టూడియోల్లో గంట స్లాటులో లెడ్ క్లాసు పెట్టి, సగం సిరీస్ చేయించి అష్టాంగ అని బోర్డు మీద రాస్తారు.

అక్కా, మొదటి సిరీస్ చాలావరకు ముందుకి వంగే ఆసనాలే. నడుము నొప్పితో మీరు ఇప్పుడే రావద్దు. పవర్ యోగా కూడా అంతే, గంటలో ఎన్ని చతురంగ దండాసనాలు (పుషప్‌లా ఒంటిని నేల దగ్గరికి దింపి ఆపేవి) వస్తాయో లెక్కే ఉండదు. ఎవరైనా వెళ్తుంటే ఒక్కటి గుర్తుపెట్టుకోండి. చతురంగలో భుజం మోచెయ్యి ఎత్తు కన్నా కిందికి దిగకూడదు. ఓపిక అయిపోయాక అందరికీ దిగుతుంది, అక్కడే భుజాలు పోతాయి. మోకాళ్ళు కింద పెట్టి చేస్తే పరువేం పోదు.

పక్క విషయం: మా క్లాసులో మగవాళ్ళు ఇద్దరమే. ఫ్రెండ్స్ అంతా "లేడీస్ క్లాసుకి వెళ్తున్నావా" అంటారు. ఒక్కసారి నావాసనం (కూర్చుని కాళ్ళు పైకెత్తి పడవలా ఉండేది) ఐదు సార్లు వరసగా చేసి అప్పుడు మాట్లాడమనండి.

రిఫార్మర్_రాణి • మంగళవారం, ఉదయం 8:20

మాస్టారూ, మీ మీద గౌరవంతోనే ఒక మాట. నేను పిలాటిస్ నేర్పుతాను, అంతకుముందు యోగా కూడా నేర్పాను, కాబట్టి రెండు వైపులా తెలుసు.

జోసెఫ్ పిలాటిస్ 1883లో జర్మనీలో పుట్టాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ పౌరుడని బ్రిటన్ వాళ్ళు ఐల్ ఆఫ్ మాన్‌లో నిర్బంధించారు. తన వ్యాయామాలకి ఒక రూపం వచ్చింది ఆ శిబిరంలోనే. 1926 ప్రాంతంలో న్యూయార్క్ వెళ్ళి ఎయిత్ ఎవెన్యూలో స్టూడియో పెట్టాడు. దెబ్బలు తగిలిన డాన్సర్లు ఆయన దగ్గరికి వచ్చేవాళ్ళు, జార్జ్ బాలాంచిన్, మార్తా గ్రాహమ్ లాంటి పెద్ద నృత్య దర్శకులే పంపేవాళ్ళు. 1967లో పోయేదాకా అదే పని.

పోలికలు ఉన్నాయి, కాదనను. రోల్ ఓవర్ చూస్తే హలాసనం, స్వాన్ చూస్తే భుజంగాసనం గుర్తొస్తాయి. కానీ యోగాలో ఆసనంలోకి వెళ్ళి కాసేపు అలాగే ఉంటాం. పిలాటిస్‌లో అలా ఆగడం తక్కువ, కొన్నే సార్లు, చాలా శుభ్రంగా, కదులుతూనే ఉంటాం. శ్వాస కూడా వేరు. ముక్కుతో తీసుకుని నోటితో వదులుతాం, పొట్ట బిగువుగా ఉంచి పక్కటెముకలు పక్కలకి విచ్చుకునేలా పీలుస్తాం. హండ్రెడ్ అని ఒకటి ఉంటుంది. వెల్లకిలా పడుకుని తల, కాళ్ళు పైకెత్తి, చేతులు చిన్నగా కిందికీ పైకీ కొడుతూ ఐదు లెక్కలకి పీల్చి ఐదు లెక్కలకి వదలాలి. అలా నూరు.

రిఫార్మర్ అంటే పొడవాటి చట్రం, దాంట్లో పట్టాల మీద జరిగే మెత్తటి బల్ల, దానికి స్ప్రింగులు. ఆ బల్లని క్యారేజ్ అంటాం. మొదటి క్లాసులో పడుకోబెట్టి పాదాలు ఫుట్‌బార్ మీద పెట్టించి క్యారేజ్‌ని వెనక్కి తోయమంటాం. తోయడం అందరూ చేస్తారు. తిరిగి వచ్చేటప్పుడు స్ప్రింగు లాక్కుపోకుండా, చప్పుడు కాకుండా ఆపగలరా అన్నదే పని. మొదటి రోజు గదంతా టకటకా కొట్టుకుంటుంది. ఇంకో సంగతి, స్ప్రింగు తగ్గిస్తే సులువు అనుకుంటారు. కాళ్ళతో తోసేదానికి నిజమే. కానీ క్యారేజ్ మీద ప్లాంక్ చేసేటప్పుడు స్ప్రింగు తగ్గించే కొద్దీ ప్రాణం పోతుంది, పట్టి ఉంచేది ఏమీ ఉండదు కదా. స్ప్రింగు రంగులు కంపెనీని బట్టి మారతాయి, పాత స్టూడియోలో ఎర్రది వాడాను అని ఇక్కడా ఎర్రదే తగిలించకండి.

మ్యాట్ పిలాటిస్ ప్యాకేజీలోనే ఉంది, రిఫార్మర్‌కి డబ్బులు ఎక్కువ, కాబట్టి రిఫార్మర్ పైస్థాయి అనుకోవద్దు. చాలామందికి మ్యాటే కష్టం. చాప మీద ఆసరా ఏదీ ఉండదు, అంతా ఒళ్ళే మోయాలి.

గోదారిగట్టు • మంగళవారం, ఉదయం 9:05

బాగా చెప్పావమ్మా. చప్పుడు కాకుండా ఆపడం అన్నది నచ్చింది. అయినా పన్నెండు వందలు ఎక్కువే.

రిఫార్మర్_రాణి • మంగళవారం, ఉదయం 9:11

మెషిన్లు లక్షల్లో ఉంటాయి మాస్టారూ, పైగా క్లాసుకి ఆరుగురు ఎనిమిది మందికి మించి పట్టరు. చాపలైతే పాతిక పరవొచ్చు. ఆ తేడాయే ఫీజు.

ఫిజియో_బెజవాడ • మంగళవారం, మధ్యాహ్నం 2:15

వేపచెట్టు గారూ, ఏ క్లాసు అనే ముందు కొన్ని అడగాలి. నొప్పి ఎప్పుడు ఎక్కువవుతుంది, ముందుకి వంగితేనా, వెనక్కి వంగితేనా? కూర్చుంటేనా, నిలబడితేనా? పిరుదు దాటి కాలిలోకి దిగుతోందా? తిమ్మిరి, మంట, కాలు పట్టు తప్పడం లాంటివి ఉన్నాయా? ఇంటర్నెట్‌లో వైద్యం చెప్పను, క్లాసు ఎంచుకోవడానికి సరిపడా మాత్రం చెప్పగలను.

వేపచెట్టు_వీధి • మంగళవారం, రాత్రి 8:50

అయ్యో, ఇంతమంది ఇంత ఓపిగ్గా రాస్తారనుకోలేదు. థాంక్స్ అండీ.

ఫిజియో గారూ, చాలాసేపు కూర్చుని లేచేటప్పుడు పట్టేస్తుంది, నాలుగడుగులు వేస్తే వదులుతుంది. పొద్దున్నే బ్రష్ చేసుకోడానికి సింకు మీదికి వంగినా, చెప్పుల బకిల్ పెట్టుకోడానికి వంగినా లాగుతుంది. వెనక్కి వంగితే హాయిగా ఉంటుంది. కాలిలోకి రాదు, తిమ్మిర్లు లేవు. పోయినేడాది డాక్టర్‌కి చూపించాను, ఎక్స్‌రేలో ఏమీ లేదు, కూర్చునే పద్ధతి మార్చుకో, వ్యాయామం చెయ్యి అన్నారు.

ఫిజియో_బెజవాడ • మంగళవారం, రాత్రి 10:40

డాక్టర్ చూశారు కాబట్టి ధైర్యంగా మొదలుపెట్టండి. వంగితే లాగుతుంది, వెనక్కి వంగితే హాయి, నడిస్తే వదులుతుంది అన్నారు. కుర్చీ ఉద్యోగాల వాళ్ళలో బాగా కనిపించే రకమే ఇది. మొదటి కొన్ని వారాలు కాళ్ళు చాపి పాదాలు అందుకునే పశ్చిమోత్తానాసనం, మోకాళ్ళు బిగించి చేసే పాదహస్తాసనం బలవంతంగా లాగొద్దు. మోకాళ్ళు మడిచి, తుంటి దగ్గర వంగండి. టీచర్ వచ్చి వీపు మీద నొక్కబోతే "వద్దండీ, నడుము నొప్పి" అని నోరు తెరిచి చెప్పండి. మనవాళ్ళు మొహమాటపడి ఊరుకుంటారు, నా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఈ మొహమాటం కేసులు చాలా.

ఎవరూ అడగని ఇంకో విషయం, టైము. రాత్రంతా పడుకున్నాక వెన్నుపూసల మధ్య డిస్కుల్లోకి నీరు చేరి ఉబ్బి ఉంటాయి. అందుకే నిద్ర లేవగానే నడుము బిగుసుకున్నట్టు ఉంటుంది, సింకు దగ్గర మీకు లాగేది కూడా చాలావరకు అందుకే. లేచిన మొదటి గంటలో లోతుగా ముందుకి వంగకపోవడం మంచిది. ఐదున్నరకి లేచి ఆరింటికి సూర్య నమస్కారాల క్లాసులో నిలబడితే మీకు పడదు. అదే క్లాసు సాయంత్రం చేస్తే ఇబ్బంది ఉండకపోవచ్చు. ముందు బ్యాచ్ చూసుకోండి, తరవాత పేరు.

యోగానా పిలాటిసా అన్న గొడవకి నా వైపు నుంచి ఒక్క మాట. నడుము నొప్పికి సంబంధించి జరిగిన పరిశోధనలన్నీ కలిపి కోక్రేన్ అనే సంస్థ వాళ్ళు సమీక్షలు వేస్తారు. 2015లో పిలాటిస్ మీద, 2017లో యోగా మీద వచ్చాయి. ఏమీ చేయకుండా ఉండేదాని కన్నా రెండూ కొంత మేలు చేస్తాయి. మిగతా వ్యాయామాల కన్నా పిలాటిస్ గొప్ప అనడానికి గట్టి ఆధారం దొరకలేదు, యోగా విషయంలోనూ అంతే. కాబట్టి మానకుండా వెళ్ళగలిగేది, నొప్పి పెంచనిది తీసుకోండి. ఇంటి పక్క సందులో ఉండటం చిన్న విషయం కాదు.

ఈ థ్రెడ్ చదివే మిగతావాళ్ళకి: నొప్పి కాలిలోకి దిగి తిమ్మిరెక్కుతుంటే, పాదం పైకెత్తలేకపోతుంటే, ఒంటికి రెంటికి పట్టు తప్పుతుంటే ఏ క్లాసుకీ వెళ్ళొద్దు, ముందు హాస్పిటల్.

ఫ్రిస్కో_పిన్ని • బుధవారం, ఉదయం 7:30

టెక్సస్ నుంచి. ఎవరూ హాట్ యోగా, యిన్ గురించి రాయలేదని రాస్తున్నా. ఇక్కడ మా వీధి చివర షాపింగ్ సెంటర్లో ఈ రెండూ ఉన్నాయి, తెలుగువాళ్ళు బాగానే వస్తారు.

హాట్ యోగాకి మూలం బిక్రమ్ చౌధురి పద్ధతి. 26 ఆసనాలు, రెండు శ్వాస వ్యాయామాలు, 90 నిమిషాలు, గది వేడి 40 డిగ్రీల పైన, గాల్లో తేమ కూడా పెట్టి. ప్రతిసారీ అవే, అదే వరుస. ఇప్పుడు చాలా స్టూడియోలు ఆ వరుస వదిలేసి, వేడి గదిలో మామూలు ఫ్లో చేయిస్తున్నాయి. వేడికి కండరాలు వదులవుతాయి, అదే సమస్య కూడా. మామూలుగా వంగని చోటిదాకా వంగిపోతాం, మర్నాడు పొద్దున తెలుస్తుంది. బీపీ ఉన్నవాళ్ళు, గర్భిణులు వెళ్ళొద్దు. చెమటతో బరువు తగ్గింది అని మెషిన్ చూసి మురిసిపోవద్దు, రెండు గ్లాసుల నీళ్ళు తాగితే తిరిగొచ్చేస్తుంది.

యిన్ అంటే కూర్చునో పడుకునో ఒక్కో భంగిమలో మూడు నుంచి ఐదు నిమిషాలు. కండరం బిగించకుండా వదిలేయాలి. పేరు చూసి నిద్రపోయే క్లాసు అనుకుంటారు, తుంటి దగ్గర నాలుగో నిమిషంలో ఎంత తిట్టుకుంటామో! ఒళ్ళు సహజంగానే విల్లులా వంగేవాళ్ళకి ఇది అంత మంచిది కాదని మా టీచర్ అంటుంది, వాళ్ళకి బలం కావాలి కానీ ఇంకా సాగడం కాదు. నిజంగా విశ్రాంతి కావాలంటే రెస్టోరేటివ్ అని వేరే ఉంటుంది, లావాటి దిండ్లు, దుప్పట్లు వేసి పడుకోబెడతారు, ఎక్కడా లాగదు. కొన్ని స్టూడియోలు రెండూ కలిపేసి యిన్ అని రాస్తాయి, అడిగి వెళ్ళమ్మా.

ఉప్మా_వ్యతిరేకి • బుధవారం, ఉదయం 7:48

మే నెలలో మధ్యాహ్నం కరెంటు పోయాక మా మియాపూర్ ఫ్లాటుకి రండి పిన్నీ. 40 డిగ్రీలు, తేమతో సహా. ఫీజు లేదు.

బుజ్జిగాడి_అమ్మ • బుధవారం, మధ్యాహ్నం 12:20

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. నాకు సిజేరియన్ అయ్యి మూడు నెలలైంది. పొట్ట తగ్గాలంటే పిలాటిస్ బెస్ట్ అని అందరూ అంటున్నారు. నేరుగా గ్రూప్ క్లాసుకి వెళ్ళొచ్చా?

రిఫార్మర్_రాణి • బుధవారం, మధ్యాహ్నం 1:02

నేరుగా వద్దు చెల్లీ. ముందు మీ గైనకాలజిస్ట్ సరే అనాలి. తరవాత పొట్ట కండరాల మధ్య ఎడం ఎంతుందో ఫిజియోతో చూపించుకోండి. కాన్పు తర్వాత చాలామందికి మధ్యలో విడిపోయి ఉంటుంది. ఆ ఎడం ఉండగా హండ్రెడ్, రోల్ అప్, క్రంచెస్ చేస్తే పొట్ట మధ్యలో గోపురంలా పైకి లేస్తుంది. అలా లేచిందంటే ఆ వ్యాయామం మీకు ఇంకా తొందర అని. శ్వాస, కటి కండరాలు బిగించి వదలడం, పడుకుని ఒక్కో మడమ జార్చడం, ఇక్కడి నుంచి మొదలుపెట్టాలి. కాన్పు తర్వాతి వాళ్ళకి విడిగా బ్యాచ్ ఉంటే అదే తీసుకోండి. లేకపోతే కొన్ని పర్సనల్ సెషన్లు చేసి అప్పుడు గ్రూపుకి వెళ్ళండి.

ఫిజియో_బెజవాడ • బుధవారం, మధ్యాహ్నం 1:30

రాణి గారు చెప్పింది సరిగ్గా ఉంది. దగ్గితే తుమ్మితే యూరిన్ కారుతుంటే అది కూడా డాక్టర్‌కి చెప్పమ్మా. "కాన్పు తర్వాత మామూలే" అని ఎవరన్నా ఊరుకోవద్దు, దానికి వ్యాయామం ఉంది.

పుణేలో_తెలుగోడు • బుధవారం, సాయంత్రం 6:10

ఇదే ఊపులో నేనూ ఒకటి అడుగుతా. మా అమ్మకి 64. ఎముకలు గుల్లబారాయని మందులు వాడుతోంది. పక్కింటి ఆవిడతో కలిసి మ్యాట్ పిలాటిస్‌కి వెళ్తానంటోంది.

ఫిజియో_బెజవాడ • బుధవారం, సాయంత్రం 7:45

వెన్ను గుండ్రంగా చుట్టేవి ఏవీ వద్దు. రోల్ అప్, రోలింగ్ లైక్ ఎ బాల్, యోగాలో అయితే హలాసనం, బలంగా మెలి తిప్పేవి. ఎముక పలచగా ఉన్నప్పుడు వెన్నుపూస ముందు భాగం నలిగే ప్రమాదం ఉంటుంది. మామూలు మ్యాట్ క్లాసులో సగం అవే. నిలబడి చేసేవి, వీపు కండరాలకి బలం ఇచ్చేవి, బ్యాలెన్స్ వ్యాయామాలు మంచివి. సంగతి తెలిసిన టీచర్ అయితే రిఫార్మర్ మీద చేయించొచ్చు, లేదా కుర్చీ యోగా. టీచర్‌కి డెక్సా స్కాన్ (ఎముకల సాంద్రత కొలిచేది) రిపోర్టు చూపించమనండి. చూపిస్తే "ఇదేంటి" అన్నారంటే ఆ క్లాసు మానేయొచ్చు.

చెమట_చక్రవర్తి • బుధవారం, రాత్రి 9:20

టీచర్ సంగతి తెలుసుకోవడం ఎలా అన్నదే అసలు ప్రశ్న. గోడ మీద సర్టిఫికెట్లు అందరికీ ఉంటాయి.

రిఫార్మర్_రాణి • బుధవారం, రాత్రి 9:55

పిలాటిస్‌కి అయితే ఆ పేరు ఎవరి సొత్తూ కాదు. 2000లో అమెరికా కోర్టు ఒకటి పిలాటిస్ అనేది ట్రేడ్‌మార్క్ కాదు, అందరూ వాడుకునే మాట అని తేల్చేసింది. పిన్ని చెప్పిన 26 ఆసనాల వరుస మీద కూడా కాపీరైట్ చెల్లదని అక్కడి అప్పీళ్ళ కోర్టు 2015లో చెప్పింది. నాకైతే రెండు తీర్పులూ మంచివే, వ్యాయామం ఎవరి జేబులోనూ ఉండకూడదు. కానీ దాని వల్ల వారాంతం కోర్సు చేసినవాళ్ళూ, ఏళ్ళ తరబడి నేర్చుకున్నవాళ్ళూ ఒకే బోర్డు పెట్టుకుంటారు. ఎక్కడ నేర్చుకున్నారు, మ్యాట్ ఒక్కటేనా అన్ని పరికరాల మీదా శిక్షణ ఉందా అని అడగండి. అడిగితే చిన్నబుచ్చుకునే టీచర్ దగ్గరికి వెళ్ళకండి.

పుణేలో_తెలుగోడు • బుధవారం, రాత్రి 10:12

యోగాలో ఎక్కువగా కనిపించేది అమెరికా యోగా అలయన్స్ వాళ్ళ 200 గంటల రిజిస్ట్రేషన్. రిషికేశ్‌లోనో గోవాలోనో నెల రోజులుండి చేసి వస్తారు. మన ఆయుష్ శాఖ కింద యోగా సర్టిఫికేషన్ బోర్డు పరీక్షలు కూడా ఉన్నాయి, స్థాయిలవారీగా. అయ్యంగార్ పద్ధతిలో మాత్రం ఏళ్ళు పడుతుంది, సర్టిఫికెట్ లేకుండా ఆ పేరు వాడనివ్వరు. ఇదంతా ఎలా ఉన్నా నేను చూసేది ఒక్కటే. క్లాసు మొదలయ్యే ముందు కొత్తవాళ్ళని "ఏమైనా నొప్పులున్నాయా, ఆపరేషన్లు అయ్యాయా" అని అడుగుతున్నారా లేదా. రెండో క్లాసులో అది గుర్తుంటే ఇంకా మంచిది.

గోదారిగట్టు • గురువారం, ఉదయం 5:50

2025 జూన్ 21న, యోగా దినోత్సవం రోజు, విశాఖ ఆర్కే బీచ్ నుంచి భోగాపురం దాకా మూడు లక్షల మందికి పైగా కూర్చుని ఆసనాలు వేశారు. మా మేనల్లుడు కూడా వెళ్ళాడు. తిరిగొచ్చి చాప అటక మీద పెట్టాడు, ఇంకా దించలేదు. అంత గుంపులో కాకుండా, పదిమందే ఒక టీచర్ కళ్ళ ముందు కూర్చునే చోటు మేలు. ఈ అమ్మాయి స్టూడియోకి వెళ్ళడానికే నా ఓటు.

(మోడరేటర్: ఇక్కడి నుంచి "యోగా మన సంస్కృతి, జిమ్ముల్లో అమ్మొచ్చా" అంటూ నడిచిన సందేశాలన్నీ వేరే థ్రెడ్‌కి మార్చాం. ఆ వాదన అక్కడ కొనసాగించండి.)

ఫ్రిస్కో_పిన్ని • గురువారం, ఉదయం 8:05

వేపచెట్టూ, ట్రయల్ దేనికి వాడుతున్నావో చెప్పలేదు.

ఉప్మా_వ్యతిరేకి • గురువారం, ఉదయం 8:09

ఖరీదైనదానికే వాడండి, ఇందులో ఆలోచించేదేముంది. 3,500ది ఎలాగూ నచ్చకపోతే నెలలో పోతుంది. 9,600ది ఊరికే చూసే అవకాశం మళ్ళీ రాదు. బిల్లు కూడా చూసుకోండి. జిమ్ములు, యోగా సెంటర్ల మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. మా దగ్గర ఒకాయన పాత రేటే వేసి ఇచ్చాడు, అడిగితే "సిస్టమ్‌లో అప్‌డేట్ అవ్వలేదు సార్" అన్నాడు.

వేపచెట్టు_వీధి • తరవాతి ఆదివారం, రాత్రి 9:15

అందరూ చెప్పినట్టే చేశాను. ఉప్మా గారి మాట విని ట్రయల్ రిఫార్మర్‌కి వాడాను. రాణి గారూ, ఆ టకటక నాదే, గదిలో అందరికన్నా గట్టిగా. కాళ్ళతో తోసేది బాగుంది. తరవాత స్ట్రాపుల్లో పాదాలు పెట్టి గాల్లో గుండ్రంగా తిప్పమన్నారు, తుంటిలో ఎక్కడో తుప్పు వదిలినట్టయింది. బాగా నచ్చింది, కానీ ఇప్పుడే అంత పెట్టలేను. దసరా బోనస్ వచ్చాక చూస్తాను.

హఠ క్లాసు వెనక కూర్చుని చూడనిచ్చారు. సాయంత్రం ఏడు గంటల బ్యాచ్. టీచర్‌కి యాభై ఏళ్ళుంటాయి, పెద్దగా మాట్లాడరు. ఒకావిడకి చేతులు నేలకి అందకపోతే ఏమీ అనకుండా రెండు దిమ్మలు తెచ్చి పెట్టి వెళ్ళారు. పొద్దున ఆరింటి బ్యాచ్ కూడా చూశాను. యువకుడు, మైకు పెట్టుకుని "పుష్ పుష్" అంటున్నాడు. పేరు మాత్రం రెండూ హఠే. సాయంత్రం బ్యాచ్‌లో చేరిపోయాను, బిల్లులో 5 శాతమే వేశారు. చేరే ముందు ఒక ఫారం ఇచ్చారు, నొప్పులు, ఆపరేషన్లు, మందులు అన్నీ రాయమని. మొదటి రోజే సార్ వచ్చి "నడుము అన్నారు కదా, మీరు గోడ దగ్గర చేయండి" అన్నారు.

శనివారం మ్యాట్ పిలాటిస్‌కి కూడా వెళ్ళాను, ప్యాకేజీలోదే కదా అని. నడుముకి ఏమీ కాలేదు, కానీ తల ఎత్తి చేసే వాటిలో మెడ పట్టేసింది. పొట్ట కన్నా ముందు మెడ అలిసిపోతోంది. మానేయాలా?

రిఫార్మర్_రాణి • తరవాతి ఆదివారం, రాత్రి 9:50

మానక్కర్లేదు. రోజంతా స్క్రీన్ చూసే మెడలకి మొదట్లో ఇది మామూలే. తల ఎత్తేటప్పుడు మీరు గడ్డం ముందుకి పొడుస్తున్నట్టున్నారు. గడ్డానికీ ఛాతీకీ మధ్య ఒక నిమ్మకాయ పట్టేంత ఖాళీ ఉంచి, ఛాతీ ఎముక కిందికి జారుతున్నట్టు అనుకుని లేవండి, చూపు తొడల మీద. ఒక చెయ్యి తల వెనక పెట్టి బరువు దాని మీద వదిలేయండి, లాగొద్దు. అయినా పట్టేస్తే తల చాప మీదే ఉంచి కాళ్ళతో మాత్రం చేయండి, పొట్టకి అందాల్సింది అందుతుంది. టీచర్‌ని చిన్న దిండు అడగండి, ఇస్తారు. రెండు మూడు వారాల్లో తేడా రాకపోతే ఒకసారి ఫిజియో గారి లాంటి వాళ్ళకి మెడ చూపించండి.

ఫిజియో_బెజవాడ • తరవాతి ఆదివారం, రాత్రి 10:20

హఠ క్లాసులో సర్వాంగాసనం, శీర్షాసనం వచ్చినప్పుడు కూడా సార్‌కి మెడ సంగతి చెప్పండి. అవి ప్రస్తుతానికి వద్దు. వాటి బదులు గోడకి కాళ్ళు ఆనించి విపరీతకరణి చేయిస్తారు, తలా మెడా నేల మీదే ఉంటాయి.

వేపచెట్టు_వీధి • తరవాతి ఆదివారం, రాత్రి 10:31

సరేనండీ, మంగళవారం క్లాసులో చెప్తాను. దిండు మాత్రం ఇంటి నుంచి తీసుకెళ్తాను, వాళ్ళవి ఎప్పుడు ఉతుకుతారో అడగడం మర్చిపోయాను.